మెడలో టేపు, టేపుకి పాటల బిళ్ళ

"అక్కా, మీ ఫోనులో పాటలు రావా ఏంటి?" అని అడుగుతుంటారు మా షాపుకొచ్చే ఆడపిల్లలు. నా మెడలో కొలతల టేపు వేలాడుతుంటుంది. ఆ టేపుకి నల్లటి బిళ్ళ ఒకటి, పాటలు పాడే చిన్న ఎంపీ3 ప్లేయరు, క్లిప్పుతో పట్టుకుని ఉంటుంది. దాన్నుంచి తీగ బయల్దేరి నా ఎడమ చెవిలోకి పోతుంది. చెవుడు మిషననుకుని గట్టిగా మాట్లాడినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకావిడ తన కొలతలన్నీ అరిచి మరీ చెప్పింది. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళకి ఆవిడ నడుము చుట్టుకొలత తెలిసిపోయింది పాపం.

ఫోనులో పాటలు ఎందుకు రావండీ, వస్తాయి. కానీ ఫోను నాది కాదు, కస్టమర్లది. శ్రావణమాసం ముందు "నా జాకెట్టు అయిందా", "నాది రేపటికి కావాలి", "మెడ ఇంకో అర అంగుళం దించండి" అంటూ పొద్దున్నుంచి రాత్రి దాకా మోగుతూనే ఉంటుంది. పల్లవి అయి చరణంలోకి వెళ్ళేసరికి రింగు. అది పెట్టేసేసరికి వాట్సాప్‌లో ఎవరో పదహారు మెడ డిజైన్ల ఫొటోలు పంపుతారు. పదహారుసార్లు టుంగు టుంగు. ఈ బిళ్ళకి ఫోను రాదు, మెసేజీ రాదు, ప్రకటన రాదు. పాట మొదలైతే అయ్యేదాకా పాటే. నేను దీన్ని పద్నాలుగేళ్ళుగా కాపాడుకుంటూ వస్తున్నది అందుకే.

నేను రాజమండ్రిలో లేడీస్ టైలర్ని. తాడితోట క్లాత్ మార్కెట్‌కి నడిచి వెళ్ళొచ్చేంత దూరంలో షాపు. షాపంటే పెద్దదేం కాదు, పది బై పన్నెండు గది. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, ఇస్త్రీ బల్ల, నేనూ, పని నేర్చుకునే పిల్లొకతి. 2011లో మా తమ్ముడు మస్కట్ నుంచి సెలవుకొస్తూ దీన్ని తెచ్చాడు. శాన్‌డిస్క్ కంపెనీది, పేరు సాన్సా క్లిప్ ప్లస్, 2009లో వచ్చిన మోడల్. నిజానికి తెచ్చింది నాకు కాదు. "బావగారు పొద్దున్నే నడుస్తానన్నారు కదక్కా, వింటూ నడుస్తారని" అని మా ఆయనకిచ్చాడు. మా ఆయన నడక గోదావరి గట్టు మీద ఎనిమిది రోజులు సాగింది. తొమ్మిదో రోజు నుంచి బిళ్ళ నాది.

అగ్గిపెట్టెంత ఉంటుంది. సరిగ్గా అంతే, ఒకసారి పక్కపక్కన పెట్టి టేపుతో కొలిచాను. తెర అంగుళం లోపే. పైన సన్నటి పట్టీలో అక్షరాలు పసుపుపచ్చగా, కిందవి నీలంగా వెలుగుతాయి. లోపల 4 జీబీ చోటు, పక్కన చిన్న మెమరీ కార్డు పెట్టుకునే సందు, ఎఫ్ఎం రేడియో, మాట రికార్డు చేసే మైకు. మధ్యలో నాలుగు వైపులా నొక్కే మీట. అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ మీటే. రెండు చేతులూ గుడ్డ మీద ఉన్నప్పుడు ఒక్క క్షణం ఎడమ బొటనవేలు తీసి, చూడకుండా నొక్కితే పాట మారుతుంది. ఫోను తెర అలా కాదు, చూస్తే గానీ వినదు. మిషను మీద కూర్చుని పక్కకి చూశామా, సూది వేల్లో దిగుతుంది. దిగింది కూడా, కానీ అది వేరే కథ.

పనివాళ్ళ వస్తువుకి మొదటి శత్రువు వాళ్ళ పనే. వంటవాళ్ళ ఫోనుకి నూనె, మేస్త్రీ ఫోనుకి సిమెంటు, నా బిళ్ళకి పీచు. గుడ్డ కత్తిరించిన ప్రతిసారీ కంటికి కనపడని నూలు పీచు గాల్లోకి లేస్తుంది. సాయంత్రం బాబిన్ కేసు విప్పితే లోపల దూదిలా పేరుకుని ఉంటుంది, అది మేం రోజూ బ్రష్షుతో దులుపుతాం. అదే పీచు ఇయర్‌ఫోను దూర్చే బొక్కలోకి కూడా పోతుందని చాలాకాలం నాకు తట్టలేదు.

ఒకరోజు ఏమైందంటే, పాట పెట్టాను. వయొలిన్లు వస్తున్నాయి, తబలా వస్తోంది, పాడే ఆవిడ గొంతు మాత్రం లేదు. ఎక్కడో బావిలోంచి పాడుతున్నట్టు చిన్న ప్రతిధ్వని, అంతే. ఇంకో పాట పెట్టాను, అందులోనూ గొంతు మాయం. 1960ల నాటి పాట పెడితే దాదాపు ఏమీ వినపడలేదు. పాటలన్నీ పాడైపోయాయనుకుని కంప్యూటర్లో వేసి చూస్తే అక్కడ శుభ్రంగా ఉన్నాయి. ఇయర్‌ఫోను మారిస్తే అదే తంతు. మా అమ్మాయి అప్పటికి ఇంటర్. దాన్ని పిలిస్తే చూసి, ప్లగ్గు పట్టుకుని గట్టిగా లోపలికి నొక్కింది. గొంతు వచ్చింది. వదిలేసింది, పోయింది. "అమ్మా, ఇది పూర్తిగా లోపలికి దిగట్లేదే" అంది.

దాని సంగతి ఇదీ. ఇయర్‌ఫోను ప్లగ్గు మీద మూడు భాగాలుంటాయి, మధ్యలో నల్లటి గీతలు వాటిని విడదీస్తాయి. మొన ఎడమ చెవికి, మధ్య భాగం కుడి చెవికి, తీగ వైపున్నది రెంటికీ ఉమ్మడి. ఆ ఉమ్మడి భాగం సరిగ్గా తగలకపోతే కరెంటు ఒక చెవిలోంచి వెళ్ళి రెండో చెవిలోంచి తిరిగొస్తుంది. అప్పుడు రెండు వైపులా సమానంగా ఉన్నది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తేడా మాత్రమే మిగులుతుంది. పాడేవాళ్ళ గొంతుని మామూలుగా మధ్యలో, అంటే రెండు వైపులా సమానంగా పెడతారు కాబట్టి ముందు పోయేది గొంతే. పాత పాటలు మోనోలో రికార్డయినవి, అంటే మొత్తం పాట రెండు చెవుల్లోనూ ఒకటే. కాబట్టి మొత్తం పోతుంది. ఇదంతా అమ్మాయి ఫిజిక్సు పుస్తకం పక్కన పెట్టుకుని చెప్పింది. నేను కుట్టు భాషలో అర్థం చేసుకున్నాను, రెండు వైపులా ఒకే కొలత ఉంటే మడిచినప్పుడు అంచులు కలిసిపోతాయి, తేడా ఉన్నచోటే గుడ్డ బయటికి కనపడుతుంది.

బొక్కలోకి టార్చి వేసి చూస్తే అడుగున ఏదో ఉంది. సూదితో తీద్దామని చెయ్యి వెళ్ళింది, అలవాటు కదా. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది, లోపల సన్నటి రేకులుంటాయట, ఇనుము తగిలితే వంగిపోతాయట. బిళ్ళ ఆఫ్ చేసి, కొత్త చీపురుపుల్ల కొన గోటితో చీల్చి, మెల్లగా తిప్పుతూ తీశాను. వచ్చిందండీ ఒక ముద్ద, కందిగింజంత. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి చూస్తే ఎరుపు, చిలకపచ్చ, పసుపు, వంకాయరంగు. ఆ ఏడాది శ్రావణంలో కుట్టిన జాకెట్లన్నీ ఆ ముద్దలో ఉన్నాయి. ఎరుపు ఎవరిదో, వంకాయరంగు ఎవరిదో కూడా చెప్పగలను.

అప్పట్నుంచి ఇయర్‌ఫోను తీసేసినప్పుడు ఆ బొక్కకి మూత పెడుతున్నాను. మూతంటే కొన్నది కాదు, పాడైపోయిన ఇయర్‌ఫోను ప్లగ్గుని తీగ దగ్గర కత్తిరించి పెట్టుకున్నది. నెలకోసారి చీపురుపుల్లకి సన్నటి నూలుగుడ్డ చుట్టి, సెల్ రిపేరు వాళ్ళు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క తడిపి లోపల తిప్పి తీస్తాను. తడి అనాలంటే అనాలి అన్నంతే ఉండాలి, కారకూడదు. మన ఊళ్ళో వానాకాలం గాల్లో నీళ్ళే కదా, చెమట సరేసరి. ఆ చెమ్మకి లోపలి రేకులు మసకబారి చిటపటమంటుంది. తుడిచాక పావుగంట ఆగి పెడితే శబ్దం కడిగిన ముత్యంలా వస్తుంది.

బిళ్ళకి సంచి కూడా కుట్టాను. కంచిపట్టు జాకెట్టు ముక్క పైన, లోపల మెత్తటి వెల్వెట్, మధ్యలో పలచటి స్పాంజి. మొదటిసారి కుట్టినప్పుడు హుక్కు పెట్టాను, అది తెర మీద గీత పెట్టింది. రెండోదానికి దారం ముడి గుండీ పెట్టాను. వెల్వెట్ కూడా తప్పే, దాని పీచు దానికుంది. ఇప్పుడున్నది మూడోది, లోపల శాటిన్ లైనింగ్. పీచు లేదు, జారుతుంది, అంతే కావాలి.

ఇక నా తప్పు ఒకటుంది, చెప్పుకోవాలి. 2015 గోదావరి పుష్కరాల ముందు వేసవి. ఊరంతా రంగులేస్తున్నారు, రోడ్లు తవ్వుతున్నారు, పుష్కరాలకి చుట్టాలొస్తారని ప్రతి ఇంట్లోనూ కొత్త బట్టలు. కరెంటు పోయి వస్తోంది. ఇస్త్రీ చేస్తూ చేస్తూ బిళ్ళని టేపుతో సహా ఇస్త్రీ బల్ల మీద, పెట్టె పక్కనే పెట్టి ఫోను మాట్లాడటానికి బయటికెళ్ళాను. ఆ ఫోను పావుగంట. అలా ఆ నెలలో ఎన్నిసార్లు పెట్టానో నాకే తెలీదు. జూన్‌లో ఓరోజు చూస్తే బిళ్ళ పక్క అతుకు విచ్చుకుని ఉంది, గోరు దూరేంత. కిందపడిందేమో అనుకుని మళ్ళీ నొక్కి మూశాను. మూశానా, మర్నాటికి మళ్ళీ విచ్చుకుంది.

మా వీధి చివర సెల్ రిపేరు అబ్బాయి చూడగానే, "నొక్కారా అక్కా? ఇంకోసారి నొక్కకండి. బ్యాటరీ ఉబ్బింది" అన్నాడు. విప్పి చూపించాడు, లోపల వెండిరంగు పొర చుట్టిన చిన్న దిండు. పూరీలా పొంగింది. లిథియం బ్యాటరీకి వేడంటే పడదట. లోపల రసాయనాలు వేడికి చెడి గ్యాసు పుడుతుంది, అది పోయే దారి లేక ఉబ్బుతుంది. దాన్ని పొడిచినా, గట్టిగా నొక్కినా అంటుకోవచ్చట. నేను రెండుసార్లు బొటనవేలితో నొక్కానని చెప్పలేదు వాడికి.

అలాంటి బ్యాటరీ దొరకదన్నాడు. వెతికితే అక్కడే నా వృత్తి పనికొచ్చింది. ఈ పలచటి బ్యాటరీల మీద ఒక అంకె ఉంటుంది, ఉదాహరణకి 402030. దాన్ని విడగొట్టి చదవాలి, 4.0 మిల్లీమీటర్ల మందం, 20 వెడల్పు, 30 పొడవు. అంటే అది కొలతే. జాకెట్టుకి ఛాతీ, నడుము, పొడవు రాసినట్టు. "అయితే ఆ ఖాళీ నేను కొలుస్తాను, దానికన్నా ఒక మిల్లీమీటరు తక్కువది తెప్పించు" అన్నాను. కొలిచాను. ఊపిరాడే వదులు కూడా ఉంచాలి, బ్యాటరీ కొంచెం వయసయ్యాక ఎలాగూ కాస్త ఉబ్బుతుంది. విజయవాడ నుంచి తెప్పించాడు, 3.7 వోల్టులది, మీద చిన్న రక్షణ సర్క్యూటు ఉన్నది. అది లేనిది చవకగా వస్తుంది గానీ వద్దని వాడే చెప్పాడు. పాతదాని తీగలు సోల్డరింగు విప్పి కొత్తవి అంటించాడు. పదిహేను గంటలు పాడేది కాస్తా పదకొండుకి దిగింది. నాకు రోజుకి అంతే కావాలి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యనివ్వలేదు ఆ అబ్బాయి, ఇసక డబ్బాలో వేసి పెట్టుకున్నాడు, పాతవన్నీ కలిపి ఎవరికో ఇస్తాడట.

ఇప్పుడు ఛార్జింగు విషయంలో నా పద్ధతి, పూర్తిగా అడుగంటేదాకా ఆగను, రాత్రంతా పెట్టి వదిలెయ్యను. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పెడతాను, తిని చెయ్యి కడుక్కున్నాక కాసేపు నడుం వాల్చి లేచి తీస్తాను. ఇస్త్రీ బల్ల గది అవతల మూలకి పోయింది. ఛార్జింగు తీగతో మాత్రం బాధే. దీనిది పాత మినీ యూఎస్‌బీ, ఇప్పటి ఏ ఫోను తీగా పట్టదు. ఉన్నది తెగిపోయినప్పుడు నాలుగు షాపులు తిరిగాను, ఒకాయన నవ్వాడు కూడా. చివరికి ఫొటో స్టూడియో ఆయన దగ్గర దొరికింది. పాత డిజిటల్ కెమెరాలకి అదే తీగట. ఆయన అటకమీది డబ్బాలోంచి రెండు తీసిచ్చాడు, వాళ్ళావిడ జాకెట్టుకి పైపింగు నేను ఊరికే వేసిచ్చాను.

పాటల పేర్ల గొడవ ఇంకోటి. ఇది రాయకపోతే ఈ మధ్య పాత ప్లేయర్లు కొనుక్కుంటున్న పిల్లలు నన్ను తిట్టుకుంటారు.

మా దగ్గర ప్రతి జాకెట్టుకీ ఒక చీటీ గుచ్చుతాం. పేరు, కొలత, ఇవ్వాల్సిన తేదీ. చీటీ లేని జాకెట్టు షాపులో అనాథ. ఎంపీ3 పాటకీ లోపల అలాంటి చీటీ ఉంటుంది, ఐడీ3 ట్యాగ్ అంటారు. పాట పేరు, పాడినవాళ్ళు, ఆల్బం, సంవత్సరం అందులో ఉంటాయి. ప్లేయరు చూసేది ఫైలు పేరు కాదు, ఆ చీటీని. నా దగ్గరున్నవన్నీ పాత క్యాసెట్లలోంచి కంప్యూటర్లోకి ఎక్కించుకున్నవి, సీడీల్లోంచి తీసుకున్నవి. ఒక్కదానికీ చీటీ లేదు. బిళ్ళలో పెడితే అన్నీ "అన్‌నోన్ ఆర్టిస్ట్" కింద చేరాయి. ఆయనెవరో ఎంత గొప్ప గాయకుడో, ఆరువందల పైచిలుకు పాటలు ఆడగొంతుతో, మగగొంతుతో పాడేశాడు.

ఒక దసరా సెలవుల్లో అమ్మాయి ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కించింది. నేను జాకెట్లకి హుక్కులు కుడుతూ పాట విని చెప్పడం, అది టైపు చెయ్యడం. తెలుగులో రాద్దామని మొదలుపెట్టాం. బిళ్ళలో చూస్తే పేరు బదులు వరసగా ఖాళీ పెట్టెలు. దానికి మన అక్షరాలు రావు. మళ్ళీ అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. పాత రకం చీటీలో పాట పేరుకి 30 అక్షరాల చోటే ఉంటుంది, మన పాటల మొదటి లైను మొత్తం రాస్తే సగంలో తెగుతుంది. కొత్త రకంలో ఆ ఇబ్బంది లేదు, ప్రోగ్రాంలో ఆ రకం ఎంచుకుంటే చాలు.

అంకెల సంగతి ఇంకా తమాషా. ఒక హరికథ పద్దెనిమిది భాగాలుగా ఉంది. 1, 2, 3 అని పేర్లు పెట్టాను. వింటుంటే ఒకటో భాగం తర్వాత పది, పదకొండు అలా పోయి, పద్దెనిమిది అయ్యాక రెండు మొదలైంది. సీతమ్మ పెళ్ళి కాకుండానే లంక తగలబడిపోయింది. పక్కన పిల్ల "అక్కా, కథ మారిందా?" అని అడిగింది. ప్లేయరుకి 10 అంటే 2 కన్నా ముందే, అక్షరాల లెక్కన ఒకటి ముందొస్తుంది కదా. 01, 02 అని ముందు సున్నా పెడితే దారికొస్తుంది. అలాంటి పొడుగు కథల్ని ఆడియోబుక్స్ అనే ఫోల్డరులో వేసుకోండి, ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుంటుంది. మామూలు పాటల ఫోల్డరులో వేస్తే, గంట ప్రవచనంలో నలభయ్యో నిమిషంలో కస్టమరొచ్చి కాసేపు పాటల్లోకి వెళ్ళొస్తే మళ్ళీ గణపతి ప్రార్థన నుంచే.

బిట్ రేటు అంటే ఏంటని చాలామంది అడుగుతారు. సెకను పాటకి ఎంత సమాచారం దాచారన్న లెక్క అది. నేను చెప్పేది ఒకటే, అంగుళానికి ఎన్ని కుట్లు అని. 128 కేబీపీఎస్, అంటే సెకనుకి 128 కిలోబిట్లు, కాస్త పొడుగు కుట్టు, నిమిషానికి దాదాపు ఒక ఎంబీ పడుతుంది. 320 అంటే దగ్గర కుట్టు, నిమిషానికి 2.4 ఎంబీ. మాటలకీ ప్రవచనాలకీ పొడుగు కుట్టు చాలు. వీణ, వేణువు లాంటివాటికి దగ్గర కుట్టు బావుంటుంది. ఫ్లాక్ అనే ఇంకో రకం పాటల ఫైలు ఉంది, అది గుడ్డ ఏమాత్రం పోకుండా మడతపెట్టి దాచడం, చోటు బాగా తింటుంది. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, 128లో ఉన్న పాటని 320కి మార్చి "క్వాలిటీ పెంచాను" అనకండి. కత్తిరించి పారేసిన గుడ్డ మళ్ళీ రాదు. పొడుగు కుట్టు వేసినదాని మీదే ఇంకో కుట్టు పడుతుంది, అంతే, ఫైలు లావవుతుంది.

చోటు చాలక 32 జీబీ మెమరీ కార్డు కొన్నాను ఒకసారి, ఫుట్‌పాత్ మీద. మూడొందల పాటల దాకా బంగారం. ఆ తర్వాత ఎక్కించినవి సగంలో గరగరమని ఆగిపోవడం, ఒక పాటలోంచి ఇంకో పాట రావడం. లోపల ఉన్నది చిన్న కార్డు, పైన రాసింది పెద్ద అంకె. కార్డు నిండా ఏదో రాసి, మళ్ళీ చదివి, రాసిందే వచ్చిందా అని చూసే చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. ఇప్పుడు కొత్త కార్డు ఏదైనా ముందు ఆ పరీక్ష అయ్యాకే పాటలు. ఉడుకుతుందో లేదో తెలియని పప్పుకి ముందే తాలింపు పెట్టం కదా.

లాక్‌డౌన్ అప్పటిది చెప్పాలి. 2020 మార్చిలో షాపు మూసేటప్పుడు బిళ్ళ డ్రాయరులో ఉండిపోయింది, అప్పటికే ఛార్జింగు అడుగున ఉంది. ఇంట్లో చేతి మిషను మీద మాస్కులు కుట్టుకుంటూ రెండు నెలలు దాన్ని మర్చిపోయాను. తెరిచాక తీసి నొక్కితే చలనం లేదు. ఛార్జింగు పెడితే తెర కూడా వెలగలేదు. ఏం చెయ్యాలో తోచక అలా పెట్టి వదిలేస్తే, దాదాపు గంటన్నరకి వెలిగింది. ఇలా పూర్తిగా ఎండిపోనిస్తే కొన్ని మళ్ళీ లేవవట, నాది లేచింది. ఎక్కువ రోజులు వాడనప్పుడు సగం ఛార్జింగుతో చల్లటి చోట పెట్టాలి. నిండుగా పెట్టినా మంచిది కాదు, ఖాళీగా పెట్టినా కాదు. మామూలుగా బిగుసుకుపోతే మాత్రం భయపడక్కర్లేదు, ఆన్ మీట ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆరిపోయి మళ్ళీ మొదలవుతుంది.

చెవుల మాట. మిషను మోటారు రొదకి తెలియకుండా సౌండు పెంచేస్తాం. నేను మొదటి రెండేళ్ళు అదే చేశాను, రాత్రి పడుకుంటే చెవిలో కీచుమనేది. ఇప్పుడు చెవిలో సరిగ్గా అమరే రబ్బరు బుడిపె ఉన్నదే వాడతాను. బయటి రొద తగ్గుతుంది కాబట్టి తక్కువ సౌండే సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, సౌండు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా వినొచ్చు. నేను డెసిబెల్స్ కొలవలేను గానీ చెయ్యి చాచినంత దూరంలో పిల్ల మామూలుగా పిలిస్తే వినపడాలి, అదీ నా కొలత. ఒక్క చెవితోనే వింటాను, రెండో చెవి గుమ్మం వైపు. పాత మోనో పాటలకి ఒక చెవి చాలు, ఏమీ పోదు. స్టీరియో పాటల్లో మాత్రం ఒక్కోసారి సితార్ మొత్తం ఆ రెండో చెవిలోనే ఉండిపోతుంది. అందుకని రెండు చెవులూ గంటకోసారి మారుస్తాను, ఆయమ్మకీ ఈయమ్మకీ సమానంగా.

ఇయర్‌ఫోను తీగ తెగేది ఎప్పుడూ ప్లగ్గు మెడ దగ్గరే. కొనగానే అక్కడ కాజా దారం దగ్గరగా అంగుళం మేర చుట్టి, చివర ముడి లోపలికి లాగేస్తాను. మా అమ్మాయి కాలేజీలో స్నేహితులందరివీ తెచ్చిచ్చేది చుట్టమని. రంగు వాళ్ళ ఇష్టం.

మైకు సంగతి చెప్పి ఆపుతాను. కొలతలు తీసేటప్పుడు రాసుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అందుకని రికార్డు మీట నొక్కి, "ఛాతీ ముప్ఫై ఆరు, నడుము ముప్ఫై, చెయ్యి పది, వెనక మెడ తొమ్మిది" అని చెప్పుకుంటూ పోతాను, సాయంత్రం విని పుస్తకంలో ఎక్కిస్తాను. ఎక్కించాక చెరిపేస్తాను. ఒకటి చెరపలేదు. ఆత్రేయపురం వైపు నుంచి ఒక పెద్దావిడ మనవరాలి పెళ్ళి జాకెట్లకి వచ్చింది. నేను పెళ్ళికూతురి కొలతలు తీస్తుంటే ఆవిడ స్టూలు మీద కూర్చుని, ఊరికే, తనలో తను అప్పగింతల పాట అందుకుంది. నాకూ రికార్డు ఆపాలని తోచలేదు. తర్వాత వినిపిస్తే ఆవిడ సిగ్గుపడి, "ఉంచుకో తల్లీ" అంది. ఆ పాట నిండా మధ్యమధ్య నా గొంతు, "చంక పద్దెనిమిది... చెయ్యి ఎత్తమ్మా... భుజం పద్నాలుగు".

కిందటి మాఘంలో ఆ బిళ్ళే పోయింది. షాపంతా వెతికాం, పీచు బుట్టలు బోర్లించాం. నాలుగో రోజు మోరంపూడి నుంచి ఒకమ్మాయి వచ్చి, "అండి, మీ చెవుడు మిషను మా సంచిలో వచ్చేసిందండి" అంది. హడావిడిలో టేపు తీసి వాళ్ళ లైనింగు గుడ్డ మీద పెట్టినట్టున్నాను, పిల్ల మడతపెట్టి టేపుతో సహా సంచిలో పెట్టేసింది. నాలుగు రోజులూ వాళ్ళత్తగారు హరికథ విందట. "పదకొండో భాగంలో ఉన్నానని చెప్పమందండి, మిగతావి ఎలాగండి మరి?" అని ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి అడుగుతోంది.

పాత ప్లేయరు ఇంకొకటి ఉందేమోనని ఫొటో స్టూడియో ఆయన్ని అడిగాను. అటక వెతుకుతానన్నాడు. ఈలోగా పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా ఒక పెన్‌డ్రైవులో వేసి పంపాను, వాళ్ళ టీవీకి పెట్టుకోవచ్చు. పేర్ల ముందు ఒకటి ఉందో సున్నా ఉందో రెండుసార్లు చూసుకుని మరీ.